పారిజాతాల హారం: 60 గ్రాముల పాత బంగారంతో చేతిపని చేయించుకోవాలంటే

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర మీ అమ్మగారింటి పెరట్లో పారిజాతం చెట్టుంది. ఆ పూలని మెడలో హారంగా చూసుకోవాలని మీ కోరిక. చేతిలో 60 గ్రాముల పాత బంగారం, అమ్మమ్మగారి దుద్దుల్లోంచి తీసిన 7 కెంపులు ఉన్నాయి. హైదరాబాదులో ఒక షాపువాళ్ళు కంప్యూటర్లో బొమ్మ చేసి చూపిస్తే అది ప్లాస్టిక్ పువ్వులా అనిపించిందన్నారు. చేత్తో చేయించడం కుదురుతుందా, ఏ రాళ్ళు పెట్టాలి, బంగారం సరిపోతుందా, మోసపోకుండా ఏం చూసుకోవాలి అని అడిగారు. నేను గోదావరి జిల్లాలో మూడో తరం కంసాలిని. 38 ఏళ్ళుగా కుంపటి ముందు కూర్చుంటున్నాను. నాకు తెలిసినంతలో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ కంప్యూటర్ బొమ్మ సంగతి. తప్పు కంప్యూటర్‌ది కాదు. మీరు పెట్టిన ఫొటోలో 11 పువ్వులూ మొహం ఇటే తిప్పుకుని, గ్రూపు ఫొటోలో బడిపిల్లల్లా నిలబడ్డాయి. ఒక్క పువ్వు గీసి మిగతా పది కాపీ కొట్టారు. పారిజాతాన్ని మనం అలా ఎప్పుడు చూశాం? ఆ పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుంటుంది, తెల్లవారేసరికి రాలిపోతుంది. మనం చూసేది కొమ్మ మీద కాదు, నేల మీద. రాలినవాటిలో చాలా పువ్వులు బోర్లా పడతాయి, నారింజరంగు కాడ పైకి ఉంటుంది. చిన్నప్పుడు ఏరుకున్నవాళ్ళెవరైనా కాడ పట్టుకునే ఏరతారు. మీకు ఆ చెట్టు గుర్తుకొచ్చేది ఆ కాడ రంగుతో. షాపువాళ్ళ బొమ్మలో కాడే లేదు! మధ్యలో ఒక నారింజ చుక్క పెట్టి ఊరుకున్నారు.

అంచేత నా మొదటి మాట: పువ్వుని మక్కికి మక్కి దించమని ఎవరికీ చెప్పకండి. పువ్వుకున్న అలవాటు ఒక్కటి పట్టుకోండి. మన పాతవాళ్ళు చేసింది అదే. మామిడిపిందెల హారం చూడండి, అందులో మామిడికాయ పోలిక ఎంతుంది? ఆ ముక్కు దగ్గర వంపు ఒక్కటే. అయినా చూసినవాళ్ళెవరూ జీడిమామిడి అనరు. మల్లెమొగ్గల గొలుసులో రేకులే ఉండవు, మొగ్గ కొస సన్నగా ముగిసే తీరు ఉంటుంది, అంతే. ఫ్రాన్సులో రెనె లాలిక్ అని ఒక పెద్దాయన ఉండేవాడు (1860–1945). తూనీగలు, పువ్వులు, ఆకులు అన్నీ నగల్లోకి తెచ్చాడు. ఖరీదైన రాళ్ళ జోలికి ఎక్కువ వెళ్ళకుండా కొమ్ము, గాజు, మీనా (లోహం మీద కాల్చి పట్టించే గాజుపూత) వాడేవాడు. పురుగు రెక్కలో వెలుతురు ఎలా దూరుతుందో అదే ఆయనకి కావలసింది. మీ హారానికి కావలసింది బోర్లా పడిన తీరు. 11 పువ్వుల్లో 4 మొహం చూపిస్తూ, 5 బోర్లా కాడ చూపిస్తూ, 2 పక్కకి ఒరిగి ఉండాలి. నేనైతే ఇలా పంచుతాను.

రెండో పని, చెట్టు పూస్తున్న రోజుల్లోనే ఊరెళ్ళండి. వానాకాలం మధ్య నుంచి చలికాలం మొదటిదాకా బాగా పూస్తుంది. పొద్దున్న ఆరింటికి చెట్టు కింద తెల్లబట్ట పరిచి ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టండి. ఎండెక్కితే ఆ పువ్వు వాడి ముద్దయిపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. కొన్నిటిని పుస్తకంలో అదిమి కంసాలికి పట్టుకెళ్ళండి. అక్కడ ఉన్నప్పుడే నాలుగు విషయాలు చూడండి. ఒకటి, రేకులు. ఐదు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి, అన్ని పువ్వుల్లోనూ లెక్క ఒకటే కాదు. ప్రతి రేకు కొసా మధ్యలో చీలినట్టు ఉంటుంది. రేకులన్నీ గాలిపంకా రెక్కల్లా ఒకే వైపుకి మెలి తిరుగుతాయి. ఒక్క రేకు ఎదురు తిరిగినా చెట్టు తెలిసినవాళ్ళకి కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. రెండు, లేత కొమ్మ పట్టుకుని వేళ్ళ మధ్య తిప్పండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగులుతుంది. మూడు, ఆకు. గరుకు కాగితంలా ఉంటుంది. నాలుగు, కాయ. ఎండిన కాయ పల్చటి బిళ్ళలా, మధ్యలో గీతతో రెండు అరలుగా ఉంటుంది, అరకో గింజ. దాన్ని ఎవరూ పట్టించుకోరు, తొక్కుకుంటూ పోతారు.

ఈ నాలుగూ మీకు డిజైన్ ఇచ్చేస్తాయి. హారం వెనక సగానికి గొలుసు వద్దు, ఆ కాయల బిళ్ళలే వరసగా కడదాం. కొమ్మకి గుండ్రటి తీగ వద్దు, పలకల తీగ లాగాలి. తీగ లాగే ఇనుప పలకని మేం కమ్మచ్చు అంటాం. "కమ్మచ్చున తీసినట్టు" అనే మాట మీరు వినే ఉంటారు. దాంట్లో చదరపు బెజ్జాలవి వేరే ఉంటాయి. ఆకుకి మెరుగు పెట్టకూడదు. సన్నటి మొన ఉన్న ఉలితో వందల చుక్కలు కొట్టి గరుకుగా వదిలేయాలి. షాపుల్లో అన్నీ అద్దంలా మెరిపిస్తారు, అందుకే ఆకూ పువ్వూ ఒకే ముద్దలా కనబడతాయి. గరుకు ఆకు పక్కన నున్నటి రేకు పెడితేనే రేకుకి రేకుతనం వస్తుంది.

ఇప్పుడు లెక్కలు. మీ పాత బంగారం 60 గ్రాములంటే 60 గ్రాముల 22 క్యారెట్ అనుకోకండి. పాత గొలుసుల్లో అతుకు అతుక్కీ టంకం ఉంటుంది, దాని వన్నె, అంటే స్వచ్ఛత, తక్కువ. కరిగించి చూస్తే సగటున 20 క్యారెట్లే వచ్చిందనుకుందాం. అప్పుడు మీ దగ్గరున్న స్వచ్ఛమైన బంగారం 50 గ్రాములు. దాన్ని 22 క్యారెట్లకి తెస్తే 54 గ్రాముల చిల్లర. ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను, మెరుగులో పోయేది తీసేసి 50 గ్రాములకి డిజైన్ వేసుకుంటే నిశ్చింత. షాపులో మిషన్ మీద పెట్టి చూపించే వన్నె పై పొరది మాత్రమే. మీ ఎదురుగా కరిగించి, ఆ ముద్దని పరీక్ష చేయించి కాగితం తీసుకోండి. పాతవాటిని అలాగే కరిగించి కొత్త నగ చేయమని మాత్రం అడగకండి. వాటిల్లో ఏ మూల కాస్త సీసం కలిసున్నా రేకు కొట్టేటప్పుడు పెటపెటా పగుళ్ళిస్తుంది. శుద్ధి చేయించి 24కి తెచ్చి, మళ్ళీ రాగి, వెండి కలిపి 22 చేసుకోవాలి. మీ గొలుసులు 20, 30 ఏళ్ళ నాటివైతే కేడీఎం అయ్యుండొచ్చు. కాడ్మియం కలిపిన టంకం అది. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది, ఆ పొగ ఊపిరితిత్తులు తినేస్తుంది. కరిగించే చోట గాలి ఆడేలా చూసుకోమని చెప్పండి, మీరు మాత్రం దూరంగా నిలబడండి.

50 గ్రాములు ఇలా సర్దుతాను: పువ్వు ఒక్కోటి 1.8 చొప్పున 11 పువ్వులకి 20 గ్రాములు. బంగారు ఆకులు 5, వాటికి 6. పచ్చలు పొదిగే ఆకులు 3, వాటి గూళ్ళకి 4. కాయ బిళ్ళలు 16, ఒక్కోటి 10 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం, 0.7 గ్రాముల చొప్పున 11. కొమ్మ తీగ, రింగులు 6. మెడ వెనక తగిలించే కొలికి 3. పొడవు 16 అంగుళాలు వస్తుంది, మెడ మొదట్లో కంఠం ఎముకల మీద కూర్చుంటుంది. ఇంకా కిందికి కావాలంటే పువ్వులు పెంచకండి, బిళ్ళలు పెంచండి.

ఈ బరువులు నమ్మాలంటే ఒక్క పువ్వు ముందు రాగిలో చేయించండి. అదే కొలతల్లో 22 క్యారెట్ బంగారం బరువు రాగికి దాదాపు రెట్టింపు. రాగి పువ్వు 0.9 గ్రాములు తూగితే బంగారం పువ్వు 1.8. ఆ రాగి పువ్వు రెండ్రోజులు మెడకి దారంతో కట్టుకుని తిరగండి. కొంగుకి పట్టుకుంటోందా, గడ్డం కిందకి తగులుతోందా అనేది కాగితం మీద తెలియదు. నమూనా అడిగితే మొహం చిట్లించే చోట నగ చేయించకండి.

ఇక పువ్వు పని. దీనికే మీరు చేతిపని వెతుక్కుంటున్నారు గనక నెమ్మదిగా చెప్తాను. ముప్పావు వంతు పని రేకు పల్చన చేయడంలోనే ఉంది. బంగారాన్ని దాకలి (ఇనుప దిమ్మె) మీద కొట్టి 0.35 మిల్లీమీటర్ల రేకుకి తెస్తాం. కొట్టేకొద్దీ బంగారం గట్టిపడుతుంది, సుత్తి కింద చప్పుడు మారుతుంది. అప్పుడు కాల్చి మెత్తబరచాలి. ఎంత కాల్చాలో మీటరు చెప్పదు, మసక వెలుతుర్లో రేకు ఎర్రబడే తీరే చెప్తుంది. అందుకే మా కొట్లో కుంపటి ఉన్న మూల ఎప్పుడూ చీకటి. ట్యూబ్‌లైటు కింద కాలిస్తే ఎరుపు కనబడేసరికి అంచు కరిగిపోయి గుండు కట్టేస్తుంది.

ఆరు రేకుల్నీ విడివిడిగా కోసి అతికితే అతుకులు ఎక్కువ, టంకం మరకలు ఎక్కువ. ఒకే పలకలో ఆరూ కోస్తే షాపువాళ్ళ పువ్వే వస్తుంది, బల్లపరుపుగా. నేను చేసేది మధ్యేమార్గం: మూడు రేకులున్న పలకలు రెండు కోసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, సందుల్లోంచి రేకులు కనబడేలా తిప్పుతాను. మధ్యలో ఒక్క అతుకు. ఐదు రేకుల పువ్వుకి మూడూ రెండూ, ఏడు రేకులకి నాలుగూ మూడూ. లక్క పలక వేడి చేసి, ఆ మెత్తదనంలో పువ్వుని బోర్లా అదిమి, వెనక నుంచి గుండ్రటి ఉలితో ప్రతి రేకూ కొద్దిగా బొద్దుగా లేపుతాను. తర్వాత ముందువైపు తిప్పి, కొస దగ్గర చీలిక పెట్టి, శ్రావణంతో (పట్టకారుతో) ఒక్కో రేకు పక్కకి మెలి తిప్పాలి. శ్రావణం మూతికి తోలు చుట్టుకోవాలి, లేకపోతే పళ్ళ గాట్లు పడతాయి. ఈ మెలి తిప్పడం ఒక్క ఊపులో అయిపోవాలి. వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిప్పితే రేకు మొదలు దగ్గర సన్నటి బీట పడుతుంది, అది మెరుగు పెట్టినప్పుడు గాని బయటపడదు. నా లెక్కలో మొదటి పువ్వుకి రెండ్రోజులు, చెయ్యి తిరిగాక రోజుకొకటి.

కాడకి పగడం పెట్టండి. గోమేధికం కూడా ఆలోచించాను, తేనెరంగులో బాగానే ఉంటుంది, గట్టి రాయి. కానీ దాన్లోంచి వెలుతురు దూరుతుంది. పారిజాతం కాడ అలా ఉండదు, పాలు కలిపినట్టు నిండుగా ఉంటుంది. పగడం అచ్చం అదే. సన్నటి కడ్డీలా కోసి, నిలువునా బెజ్జం వేసినవి కావాలి. అడ్డం 2 మిల్లీమీటర్ల పైన, పొడవు 7 లేదా 8. మొహం చూపించే నాలుగు పువ్వులకి కడ్డీలు అక్కర్లేదు, చిన్న గుండ్లు చాలు. ముదురు ఎరుపు కొనకండి, కాస్త నారింజ వైపు ఉన్నవి ఏరుకోండి. ఖరీదూ తక్కువే. పగడం పేరుతో రంగేసిన వెదురు పగడం చాలా అమ్ముతారు. గోళ్ళరంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి మూల మీద రుద్దండి. దూదికి రంగు అంటితే వెనక్కి ఇచ్చేయండి.

పగడంతో అసలు చిక్కు అది రాయి కాకపోవడం. సముద్రంలో జీవులు కట్టుకున్న సున్నం అది. గోరుతో గీత పడదు గానీ, వేడికీ పులుపుకీ ఆగదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకావిడ పగడపు ఉంగరం సాగదీయమని ఇచ్చింది. పగడం తీయడానికి బద్ధకించి, తడిగుడ్డ చుట్టి, జాగ్రత్తగానే అతికాను. అతుకు నల్లబడింది. అలవాటు ప్రకారం యాసిడ్ నీళ్ళలో పడేసి టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి గిన్నెలో సన్నగా బుడగలు. తీసి చూస్తే పగడం మీద నునుపు పోయి, బలపం ముక్కలా పాలిపోయి ఉంది. మా నాన్న ఒక్క మాటా అనలేదు. ఆవిడ వచ్చినప్పుడు నన్నే ముందుకి తోసి, నేను లోపలికి వెళ్తున్నా అన్నాడు. కొత్త పగడం డబ్బులు మూడు నెలలు నా కూలిలో పట్టుకున్నాడు.

అంచేత వరస ఇది: అతుకులన్నీ అయిపోవాలి, యాసిడ్ అయిపోవాలి, కుంకుడుకాయ రసంతో ఇత్తడి బ్రష్షు పెట్టి కడగడం అయిపోవాలి, మెరుగు అయిపోవాలి, ఆ తర్వాతే పగడం. పువ్వు మధ్యలో ముందే అతికిన 0.7 మిల్లీమీటర్ల బంగారు తీగ నిలబడి ఉంటుంది. దానికి పగడపు కడ్డీ తొడిగి, పైన చిన్న బంగారు టోపీ పెట్టి, బయటికొచ్చిన తీగ కొసని సన్న సుత్తితో తట్టి మేకు తలలా పరుస్తాం. నిప్పు లేదు, జిగురు లేదు. రేపు పగడం విరిగినా ఆ తల ఆకురాయితో తీసేసి కొత్తది తొడగొచ్చు. జిగురుతో అతికించి ఇస్తామన్నవాళ్ళకి ఒప్పుకోకండి.

తెలుపు సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. పువ్వు తెల్లనిది కదా, బంగారు రేకు పసుపు కదా అని. తెల్ల మీనా వేయొచ్చు. కానీ మీనా అంటే గాజు, కొలిమిలో కాల్చి పట్టిస్తారు. ఆ తర్వాత రేకు ఏమాత్రం వంగినా పెచ్చులూడుతుంది. 22 క్యారెట్ పల్చటి రేకు వంగకుండా ఉండదు. రేపు ఒక రింగు తెగితే అతకడానికి మంట పెట్టలేం. కోయని వజ్రాలు, అదే పోల్కీ, రేకురేకుకీ పొదిగితే బరువూ ధరా రెండూ మీ లెక్క దాటిపోతాయి, పైగా అది పారిజాతం అవ్వదు, పెళ్ళి సెట్టు అవుతుంది. నా సలహా, ఎనిమిది పువ్వులు వట్టి బంగారం. మెరుగు లేకుండా ఇత్తడి బ్రష్షుతో మసకగా వదిలేస్తే, పగడం పక్కన ఆ రేకు పాలిపోయినట్టే కనబడుతుంది. మిగతా మూడు పువ్వులకి రేకులే ముత్యాలు. మంచినీటి ముత్యాల్లో గింజ లేకుండా పెరిగినవి కొన్ని పల్చగా, రేకు ఆకారంలో వస్తాయి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ ముత్యాల షాపుల్లో వాటిని అడిగి, దోసిలి పోయించుకుని ఏరుకోండి. ఏ రెండూ ఒకలా ఉండవు, మనకి కావలసిందీ అదే. మూడు పువ్వులకి 18 కావాలి, 25 తెచ్చుకోండి, బెజ్జం వేసేటప్పుడు కొన్ని విరుగుతాయి.

మూడు ఆకులకి పచ్చలు. చెక్కిన ఆకు ఆకారం పచ్చలు జైపూర్ నుంచి వస్తాయి. మచ్చలుంటాయి, ఉండనివ్వండి, మచ్చలేని పచ్చ చవగ్గా దొరికిందంటేనే అనుమానించాలి. పచ్చల్లో చీలికలు కనబడకుండా నూనె పట్టిస్తారు, అది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే. అందుకే షాపులో "ఉచితంగా క్లీన్ చేస్తాం" అని అల్ట్రాసోనిక్ మిషన్‌లో పడేస్తామంటే వద్దనండి. నూనె పోతుంది, చీలికలు తేలతాయి. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. పగడానికీ ముత్యానికీ అదీ వద్దు, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. సెంటు కొట్టుకున్న తర్వాతే హారం వేసుకోండి. రాళ్ళు పొదగడం అంతా చుట్టూ గోడ కట్టే పద్ధతిలోనే చేయించండి. 22 క్యారెట్ మెత్తన, గోళ్ళలాంటి కొక్కేలతో పట్టిస్తే రెండేళ్ళకి లేచిపోతాయి. కొక్కేలే కావాలంటే 18 క్యారెట్‌కి వెళ్ళాలి. ఆకు మీద మంచుబిందువులా ఒక వజ్రం పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నవ్వి ఊరుకోండి.

హారం మెడ మీద ఎలా కూర్చుంటుందన్నది రాళ్ళకంటే ముఖ్యం, కానీ కొనేటప్పుడు ఎవరూ చూడరు. ముందుభాగం అంతా ఒకే కొమ్మగా చేస్తే అందంగానే ఉంటుంది, బల్ల మీద. మెడ మీద మాత్రం ఎముకల దగ్గర లేచి నిలబడుతుంది. కొమ్మని ఐదు ముక్కలు చేసి, పువ్వుల చాటున రింగులతో కలపాలి. ప్రతి ముక్కనీ వేలాడదీసే రింగు ఆ ముక్క బరువు మధ్యకి పైన ఉండాలి. కిందకి జారితే పువ్వు బోర్లా తిరుగుతుంది. మనం కోరుకున్న బోర్లా వేరు, ఇది వేరు. రింగులకి టంకం పెట్టి మూసేయమనండి, నొక్కి వదిలేస్తే పట్టుచీర పోగులన్నీ దాంట్లోనే చిక్కుకుంటాయి.

కాయ బిళ్ళలు 16 ఉన్నాయి కదా, అవి పోత పోయించుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఒకటి చేత్తో చేసి, దానికి అచ్చు తీసి మిగతావి మైనంలోంచి పోత పోస్తే వారం పని మిగులుతుంది. కాయలు ఒకదానిలా ఒకటి ఉన్నా కళ్ళకి కొట్టదు. చేతిపని అంటే అన్నీ చేత్తోనే అనే పట్టుదల నాకు లేదు. పోతలో పల్చటి రేకు సరిగా రాదు, అంచు మొద్దుగా ఉంటుంది. అందుకే పువ్వు ఒక్కటీ చేత్తో కావాలి.

మజూరి గ్రాముకి ఇంత అని మాట్లాడకండి. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. గ్రాముకి కూలి ఇస్తే రేకు మందంగా ఉంచడమే పనివాడికి లాభం. పల్చన చేసేకొద్దీ పని పెరుగుతుంది, కూలి తగ్గుతుంది. ఎవరు చేస్తారు? పువ్వుకి ఇంత, ఆకుకి ఇంత, రాళ్ళ పొదుగుడుకి ఇంత అని విడగొట్టి మాట్లాడుకోండి. తరుగు వేరే రాయించండి. షాపుల్లో ఇలాంటి పనికి వీఏ (వాల్యూ అడిషన్, అంటే మజూరీ తరుగూ కలిపి వేసేది) అని 10 నుంచి 20 శాతం పైమాటే చెప్తారు, అందులో ఏమేం కలిసిందో అడగండి. రజను ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి, బంగారం మీది గనక అడిగే హక్కు మీకుంది. బిల్లులో మొత్తం బరువు, రాళ్ళు తీసిన బరువు విడివిడిగా ఉండాలి. 5 క్యారెట్ల రాయి ఒక గ్రాము. మీ పచ్చలూ పగడాలూ ముత్యాలూ కలిపి ఏడెనిమిది గ్రాములు తూగినా అది బంగారం ధరకి పోతుంది, చూసుకోకపోతే.

హాల్‌మార్క్ గురించి ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులో అమ్మే బంగారు నగల మీద 6 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు కోడ్, అదే హెచ్‌యూఐడీ, ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కుందన్, పోల్కీ, జడావు పనికి (రాళ్ళ చుట్టూ మేలిమి బంగారు రేకు అదిమి పొదిగే తరహా పని) ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఆ మాట అడ్డం పెట్టుకుని మామూలు రాళ్ళ నగకి కూడా జడావు అనే పేరు తగిలించేవాళ్ళున్నారు, మీదేమో జడావు కాదు. మీ బంగారం మీరే ఇచ్చి చేయిస్తున్నారు గనక, రాళ్ళు పొదగకముందే ఒట్టి బంగారు చట్రాన్ని పరీక్ష కేంద్రానికి పట్టుకెళ్ళి వన్నె చూపించుకోండి. పొదిగాక అయితే అటు పరీక్షా కష్టం, ఇటు రాళ్ళకీ భయం. మొత్తం పని రెండు నెలలనుకోండి. నెలలో ఇస్తామన్నవాళ్ళు పువ్వులు కూడా పోత పోస్తున్నారన్నమాట.

అమ్మమ్మగారి కెంపులు మిగిలాయి. పారిజాతంలో ఎరుపు లేదు. ముందువైపు ఎక్కడ పెట్టినా పగడంతో పేచీ పడతాయి, రెండూ మాసినట్టవుతాయి. కొలికికి పెట్టండి. నిజం కాయలాగే ఒక బిళ్ళ కాస్త పెద్దదిగా చేసి, రెండు అరల్లో గింజలు ఉండే చోట రెండు కెంపులు, మధ్య గీత మీద ఒకటి. ముడి వేసుకున్నప్పుడు మెడ వెనక కనబడుతుంది, జడ వేసుకుంటే మీకు మాత్రమే తెలుస్తుంది. మిగతా నాలుగూ దాచుకోండి, తర్వాత దుద్దులకి పనికొస్తాయి. పొదగడానికి ఇచ్చేముందు ఒకసారి రాళ్ళ ల్యాబ్‌లో చూపించండి. పాతవి గనక పగుళ్ళలో గాజు నింపినవి కాకపోవచ్చు, అయినా నిప్పుల దగ్గరికి వెళ్ళే రాయి గురించి అనుమానం ఉంచుకోకూడదు.

హారం తెచ్చుకునే రోజు తూకం చూడ్డంతో ఆగిపోకండి. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. రింగుల గలగల ఒకలా ఉంటుంది, వదులైన రాయి టిక్కుమనే చప్పుడు ఇంకోలా ఉంటుంది. తర్వాత ఇంట్లోంచి ఒక పాత పట్టుచీర తీసుకెళ్ళి, దాని కొంగు మీద హారాన్ని బోర్లా వేసి అటూ ఇటూ లాగండి. ఎక్కడైనా ఒక్క పోగు లేచినా అక్కడ అంచు సరిగా తీయలేదని లెక్క. చూపించి వెనక్కి ఇవ్వండి, అరగంట పని. మొహమాటపడకండి, మంచి పనివాడైతే మీకంటే ముందు తనే సిగ్గుపడి ఆకురాయి అందుకుంటాడు.